ఫిర్యాదు ఇచ్చిన ఉద్యోగి మీద కక్ష సాధించారన్న కేసు రాకుండా యజమాని ఏం చేయాలి

కంపెనీ అన్నాక ఫిర్యాదులు వస్తాయి. మేనేజర్ అసభ్యంగా ప్రవర్తించాడని ఒకరు, జీతంలో కోసిన పీఎఫ్ ఖాతాలో పడలేదని ఇంకొకరు, ఓవర్‌టైమ్ డబ్బులు ఎగ్గొడుతున్నారనో పర్చేజ్‌లో కమీషన్లు నడుస్తున్నాయనో మరొకరు. అందులో నిజమెంతో తేలడానికి టైమ్ పడుతుంది. కొన్ని చివరికి నిలబడవు కూడా. ఈలోగా ఫిర్యాదు ఇచ్చిన మనిషికి నైట్ షిఫ్ట్ పడుతుంది, అప్రైజల్‌లో రేటింగ్ దిగిపోతుంది, మీటింగ్‌లకు పిలుపు ఆగిపోతుంది, ఆఖరికి చేతికి మెమో వస్తుంది. అసలు ఫిర్యాదు వీగిపోయినా ఈ రెండో తప్పు మాత్రం కంపెనీ మెడకు చుట్టుకుంటుంది. దాన్ని రుజువు చేయడానికి చాలాసార్లు మీ హెచ్‌ఆర్ ఫైల్లో ఉన్న తేదీలే సరిపోతాయి.

నేను చూసినంతలో చాలామంది యజమానులకు కక్ష సాధించాలన్న ఉద్దేశమే ఉండదు. ఫిర్యాదు ఏ మేనేజర్ మీద వచ్చిందో ఆయన చేతిలోనే రోస్టర్, లీవులు, రేటింగ్ అన్నీ మునుపటిలాగే వదిలేస్తారు. కోపంతో ఉన్న మనిషి దగ్గర ఆ అధికారం ఉంచడమే అసలు తప్పు. కింద చెప్పే పద్ధతిలో ఎక్కువ భాగం ఆ తప్పు జరగకుండా చూసుకోవడం గురించే.

కోర్టులు దీన్ని ఎలా చూస్తాయో తెలియాలంటే 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చూడాలి. పంజాబ్ అండ్ సింద్ బ్యాంకు ఇండోర్ బ్రాంచిలో చీఫ్ మేనేజర్‌గా ఉన్న ఒక మహిళ, మద్యం కాంట్రాక్టర్ల ఖాతాల్లో అవకతవకలు ఉన్నాయని పై అధికారులకు రాశారు. తర్వాత ఆమెను జబల్‌పూర్ జిల్లాలోని ఒక చిన్న బ్రాంచికి బదిలీ చేశారు. ఆమె స్కేల్ 4 అధికారి, ఆ బ్రాంచిలో ఉండాల్సింది అన్నిటికంటే కింది హోదా అయిన స్కేల్ 1 అధికారి. బదిలీ ఉద్యోగంలో భాగమే కదా అన్నది బ్యాంకు వాదన. బదిలీ చేసే అధికారం యాజమాన్యానికి ఉందని కోర్టు కూడా ఒప్పుకుంది. అయినా ఇక్కడ జరిగింది ప్రతీకారమేనని తేల్చి, హైకోర్టు చేసిన బదిలీ రద్దును సమర్థించి, ఆమెను తిరిగి ఇండోర్‌లో వేయమని, ఖర్చుల కింద 50,000 రూపాయలు ఇవ్వమని చెప్పింది. ఆర్డరు మీద రాసిన కారణాన్ని మాత్రమే చూసి కోర్టు ఆగిపోదు. ఆ ఆర్డరుకు ముందు ఏం జరిగిందో కూడా చూస్తుంది.

1. ఫిర్యాదు వచ్చిన రోజే తేదీ వేసి తీసుకోండి

ఫిర్యాదంటే ఫార్మాట్‌లో రాసి, సంతకం పెట్టి ఇచ్చిందే అనుకోకండి. టీమ్ లీడ్‌కు పెట్టిన వాట్సాప్ మెసేజ్, టీ దగ్గర హెచ్‌ఆర్‌తో అన్న మాట, ఎగ్జిట్ ఇంటర్వ్యూలో చెప్పిన సంగతి, అన్నీ కంపెనీకి తెలిసినట్టే లెక్క. లైంగిక వేధింపుల ఫిర్యాదు లిఖితపూర్వకంగా ఉండాలని చట్టం అంటుంది. అయితే రాయలేని స్థితిలో ఉన్న మహిళకు రాయడానికి సాయం చేయాలని కూడా అదే చట్టం చెబుతుంది. నోటితో చెబితే, చెప్పిన మాటలే మీరు రాసి మెయిల్ చేయండి: "ఈ రోజు మీరు చెప్పిన విషయాలు ఇవి. ఏదైనా తప్పుగా రాసి ఉంటే చెప్పండి. దీన్ని ఫలానా వారు చూస్తారు. ఇది చెప్పినందుకు మీ ఉద్యోగానికి ఏ ఇబ్బందీ రాకూడదు. వస్తే వెంటనే నాకు చెప్పండి." ఈ నాలుగైదు లైన్ల మెయిల్ తర్వాత మీకు పెద్ద రక్ష.

ఆ సమయంలో అనకూడని మాటలు కొన్ని ఉన్నాయి. "ఇంత చిన్నదానికా?", "నీ కెరీర్ గురించి ఆలోచించావా?", "మనలో మనం మాట్లాడుకుంటే పోయేది కదా, లేబర్ ఆఫీసు దాకా ఎందుకు?" అన్నవాళ్ల మనసులో చెడు లేకపోవచ్చు. వినేవాళ్లకు మాత్రం అవి బెదిరింపులే.

2. నిర్ణయాలు తీసుకునే మనిషిని మార్చండి

మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

పోష్ అని అందరూ పిలిచే 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టంలో దీనికి దారి ఉంది. దాని నియమాల్లో 8వది చూడండి. విచారణ నడుస్తున్నప్పుడు, బాధితురాలు రాతపూర్వకంగా కోరితే, ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి ఆమె పనితీరు మీద రిపోర్టు రాయకుండా, కాన్ఫిడెన్షియల్ రిపోర్టు ఇవ్వకుండా ఆపి, ఆ పని వేరే అధికారికి అప్పగించమని, ఇలాంటి ఫిర్యాదుల్ని విచారించడానికి కంపెనీలోనే వేసే ఇంటర్నల్ కమిటీ సిఫార్సు చేయవచ్చు. చట్టంలోని సెక్షన్ 12 ప్రకారం ఇద్దరిలో ఒకరిని వేరే చోటికి మార్చమని, ఆమెకు మామూలు సెలవులు కాక ఇంకో 3 నెలల దాకా సెలవు ఇవ్వమని కూడా చెప్పవచ్చు. కమిటీ చెప్పాక యజమాని అది అమలు చేసి, చేశామని కమిటీకి తెలియజేయాలి.

మంచి పద్ధతి ఇది. దీన్ని లైంగిక వేధింపుల కేసులకే ఎందుకు పరిమితం చేయాలి? జీతం, పీఎఫ్, సేఫ్టీ, అవినీతి, ఏ ఫిర్యాదైనా ఇలాగే చేయండి. చట్టం అడిగేదాకా, ఉద్యోగి కోరేదాకా ఆగనక్కర్లేదు.

ఆచరణలో ఎలాగంటారా? ముందు ఆ మేనేజర్ చేతిలో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాయండి. రేటింగ్, ఇంక్రిమెంటు గుర్తొస్తాయి. మిగతావే మర్చిపోతాం: లీవ్ అప్రూవల్, మిస్ అయిన పంచ్‌ను సరిచేయడం, వీక్ ఆఫ్, షిఫ్ట్ రోస్టర్, ట్రావెల్ బిల్లులు, ప్రాజెక్టు కేటాయింపు, ట్రైనింగ్‌కు ఎవరిని పంపాలి, ఫ్యాక్టరీలో అయితే ఏ మిషన్ మీద ఎవరు, ఓవర్‌టైమ్ ఎవరికి. ఫిర్యాదు ఇచ్చిన మనిషికి సంబంధించినంత వరకు ఇవన్నీ ఇంకో అధికారికి మార్చండి. హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌లో రిపోర్టింగ్ మేనేజర్ పేరు కూడా అదే రోజు మారాలి. నోటితో చెప్పి వదిలేస్తే సోమవారం పెట్టిన లీవ్ మళ్లీ పాత మేనేజర్ స్క్రీన్ మీదికే వెళ్తుంది. రిజెక్ట్ అవుతుంది. ఆ ఒక్క క్లిక్ చాలు కేసుకు.

కొత్తగా బాధ్యత తీసుకునేవాళ్లు ఆ మేనేజర్ కింద పనిచేసేవాళ్లు కాకూడదు. పదిహేను మంది ఉన్న ఆఫీసులో ఇది కష్టమే. అప్పుడు యజమానే స్వయంగా చూసుకోవాలి. ఫిర్యాదు యజమాని మీదే అయితే భాగస్వామికో, బయటి ఆడిటర్‌కో, లాయర్‌కో అప్పగించండి.

ఇంకో మాట. ఇద్దర్నీ దూరంగా ఉంచాలంటే ఎవర్ని కదపాలి? అలవాటుగా కదిలించేది ఫిర్యాదు ఇచ్చినవాళ్లనే, అది సులువు కాబట్టి. "నీ మంచికే వేరే టీమ్‌లో వేస్తున్నాం" అంటారు. ఆమె తనంతట తాను రాసి కోరితే తప్ప ఆ పని చేయకండి. మంచి ఉద్దేశంతో చేసినా, బయటినుంచి చూసేవాళ్లకు కనిపించేది ఒకటే: ఫిర్యాదు ఇచ్చింది, సీటు పోయింది.

3. ఆ మేనేజర్‌తో మాట్లాడండి

ఆరోపణ వచ్చిన మనిషికి కూడా టెన్షన్ ఉంటుంది. తన మీద అబద్ధం చెప్పారని నిజంగానే నమ్ముతుండవచ్చు. ఆయన్ని ఒంటరిగా వదిలేస్తే ఆ కోపం ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. కూర్చోబెట్టి స్పష్టంగా చెప్పండి: "మీరు తప్పు చేశారని ఎవరూ తేల్చలేదు. మీ మాట పూర్తిగా వింటాం. అప్పటిదాకా ఆమెతో ఈ విషయం మాట్లాడొద్దు, ఎవరితోనూ మాట్లాడించొద్దు. ఆమెకు సంబంధించిన నిర్ణయాలు ఫలానా వారు చూస్తారు. పనిలో ఆమె ఏదైనా తప్పు చేసినట్టు మీకు కనిపిస్తే నాకు చెప్పండి, మీరు మెమో ఇవ్వొద్దు." చెప్పాక అదే మెయిల్‌లో పెట్టండి.

మాట్లాడించొద్దు అన్న ముక్క ముఖ్యం. మన ఆఫీసుల్లో రాజీ కోసం పెద్దమనుషులు చాలా తొందరగా తయారవుతారు. ఒకే ఊరివాళ్లు, సీనియర్లు, కొన్నిసార్లు ఇంటికే ఫోన్ చేస్తారు. వాళ్లు చేసిందంతా కంపెనీ చేయించినట్టే కనిపిస్తుంది. టీమ్ వాట్సాప్ గ్రూపులో సెటైర్లు పడితే అడ్మిన్‌తో చెప్పి అదే రోజు ఆపించండి. పోష్ ఫిర్యాదులో ఎవరెవరున్నారు, ఏం జరిగిందన్నది బయట పెట్టకూడదని చట్టమే చెబుతుంది. పెడితే జరిమానా ఉంది.

4. ఏ చర్యకైనా ముందు ఆగి, రాసి చూసుకోండి

ఫిర్యాదు ఇచ్చినంత మాత్రాన ఆ మనిషి ఏం చేసినా చెల్లుతుందని కాదు. చాలామంది యజమానులు ఈ భయంతోనే అసలు తప్పుల్ని కూడా వదిలేసి, ఓపిక నశించాక ఒకేసారి టెర్మినేషన్ లెటర్ ఇస్తారు. రెండూ తప్పే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అకౌంట్స్‌లో పనిచేసే అబ్బాయి తన పీఎఫ్ పాస్‌బుక్ చూసుకుంటే నాలుగు నెలలుగా జమ లేదు. నెల జీతం మీద పీఎఫ్ మరుసటి నెల 15 లోగా కట్టాలి. అతను పీఎఫ్ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్‌ఓకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాడు. రెండు వారాల తర్వాత మీరు అతనికి ఆలస్యంగా వస్తున్నావని మెమో ఇవ్వాలనుకున్నారు. మెమో టైప్ చేసే ముందు తెల్లకాగితం మీద వీటికి జవాబు రాయండి. ఆలస్యం గురించి ఫిర్యాదుకు ముందు ఎప్పుడైనా రాతపూర్వకంగా చెప్పామా? ఆ నెలలో అతనంత ఆలస్యంగా వచ్చినవాళ్లు ఇంకెందరు, వాళ్లకూ మెమోలు ఇచ్చామా? ఈ చర్య అడిగింది ఎవరు? ఫిర్యాదు లేకపోయినా ఇదే రోజు ఇదే చర్య తీసుకునేవాళ్లమా?

అటెండెన్స్ రిజిస్టర్ తీస్తే అదే నెలలో ఆరుగురు అంతకంటే ఎక్కువసార్లు ఆలస్యంగా వచ్చి ఉంటారు. అప్పుడు రెండే దారులు: ఏడుగురికీ ఒకే రోజు ఒకే మెమో ఇవ్వండి, లేదా ఎవరికీ ఇవ్వకండి. ఫిర్యాదుకు మూడు నెలల ముందే మీరు అతనికి హెచ్చరిక మెయిల్ పెట్టి ఉంటే మాత్రం ధైర్యంగా ముందుకు వెళ్లండి. కేసులో ఆ పాత మెయిల్ మీ తరఫున నిలబడుతుంది. పాత తేదీ వేసి ఇప్పుడు కాగితం పుట్టించే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. ఫైలు ఎప్పుడు తయారైందో కంప్యూటర్ చెబుతుంది, అక్కడితో మీ మిగతా నిజాలు కూడా ఎవరూ నమ్మరు.

కార్మికుల విషయంలో ఇంకో జాగ్రత్త. పారిశ్రామిక వివాదం కన్సిలియేషన్‌లోనో (లేబర్ అధికారి ముందు రాజీ ప్రయత్నం) ట్రిబ్యునల్‌లోనో నడుస్తుండగా, ఆ వివాదానికి సంబంధించిన కార్మికుల పని షరతులు వాళ్లకు నష్టం కలిగేలా మార్చకూడదు, నియమం ప్రకారం అనుమతి లేకుండా డిస్మిస్ చేయకూడదు. 1947 చట్టంలో సెక్షన్ 33గా తెలిసిన ఈ రక్షణ, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కూడా ఉంది. కక్షతో ఉద్యోగం తీసేయడాన్ని అనుచిత కార్మిక విధానాల్లో ఒకటిగానే ఆ చట్టాలు చూస్తాయి. లేబర్ ఆఫీసులో ఫైల్ తెరిచి ఉన్నంతకాలం లాయర్‌ను అడగకుండా సస్పెన్షన్ కాగితం మీద కూడా సంతకం పెట్టకండి.

5. జీతం తగ్గకపోయినా కక్ష సాధింపే

జీతం తగ్గించలేదు, ఉద్యోగం తీయలేదు, ఇంకేం కక్ష అని అడుగుతారు కొందరు. క్యాబ్ రూట్‌లో ఆఖరి డ్రాప్‌గా మార్చడం, క్లయింట్ కాల్ నుంచి పేరు తీసేయడం, డెస్క్‌ను స్టోర్ రూమ్ పక్కకు జరపడం, కొత్తవాళ్లకు ఇచ్చే పనులు సీనియర్‌కు ఇవ్వడం, ఇవన్నీ అందులోకే వస్తాయి.

అమెరికాలో కన్సల్టెన్సీలు, మోటెళ్లు, రెస్టారెంట్లు నడుపుతున్న మన తెలుగువాళ్లు ఇది ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 15 మంది, అంతకు మించి పనివాళ్లుంటే ఉద్యోగంలో వివక్షను నిషేధించే 1964 పౌరహక్కుల చట్టం మీకు వర్తిస్తుంది. ఆ చట్టాన్ని అమలు చేసే ఈఈఓసీ అనే ప్రభుత్వ సంస్థకు వచ్చే ఫిర్యాదుల్లో ఏళ్ల తరబడి అన్నిటికంటే ఎక్కువగా ఉండే ఆరోపణ ఈ కక్ష సాధింపే. 2006లో బర్లింగ్టన్ నార్తర్న్ రైల్వే కేసులో వాళ్ల సుప్రీంకోర్టు ఒక కొలత పెట్టింది: మామూలు ఉద్యోగి ఎవరైనా ఫిర్యాదు చేయడానికి వెనకాడేలా చేసే చర్య ఏదైనా ప్రతీకారమే కావచ్చు. అందులో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మహిళను, వేధింపుల మీద ఫిర్యాదు చేశాక, అదే జీతం మీద పట్టాల పక్క బరువు పనికి మార్చారు. తర్వాత 37 రోజులు జీతం లేకుండా సస్పెండ్ చేసి, ఆ జీతం పూర్తిగా తిరిగి ఇచ్చేశారు. అయినా రెండూ ప్రతీకారమేనంది కోర్టు.

హెచ్‌1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్లను ప్రాజెక్టు లేదని బెంచ్‌లో పెట్టి జీతం ఆపితే, వాళ్లు లేబర్ డిపార్ట్‌మెంట్‌కు చెప్పుకోవచ్చు. చెప్పినందుకు బెదిరించడం చట్టవిరుద్ధం. "నీ వీసా వెనక్కి తీసేస్తా" అన్న మాట ఫోన్‌లో తెలుగులో అన్నా బెదిరింపే. ఊరివాడు కదా, తమ్ముడిలాంటివాడు కదా అన్న చనువుతో అన్నానంటే ఎవరూ వినరు. ఆ కుర్రవాడు ఇల్లు, పిల్లల స్కూలు అన్నీ ఆ కాగితం మీదే నిలబెట్టుకుని ఉంటాడు.

6. సాక్షులను మరవకండి

విచారణలో నిజం చెప్పిన సహోద్యోగికి, కమిటీలో కూర్చున్న సభ్యురాలికి కూడా ఇదే రక్షణ ఉండాలి. ఫిర్యాదు ఇచ్చిన మనిషిని ఎవరూ ముట్టుకోరు, సాక్షి కాంట్రాక్టు మాత్రం రెన్యూ కాదు. అలాంటప్పుడు సాక్షి కాంట్రాక్టు రెన్యూ చేయకపోవడాన్ని కూడా పైన 4లో చెప్పిన ప్రశ్నలతోనే పరీక్షించండి.

7. ఫిర్యాదు రుజువు కాకపోతే

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. కమిటీ "రుజువు కాలేదు" అని రాయగానే, అబద్ధపు ఫిర్యాదు ఇచ్చిందంటూ షోకాజ్ నోటీసు తయారవుతుంది. పోష్ చట్టం సెక్షన్ 14 చదవండి: రుజువు చేయలేకపోయినంత మాత్రాన, తగిన ఆధారం చూపలేకపోయినంత మాత్రాన చర్య తీసుకోకూడదు. దురుద్దేశంతోనే ఇచ్చిందని కమిటీ విచారణ జరిపి తేల్చాలి. నలుగురి ముందు జరగని విషయానికి సాక్ష్యం దొరక్కపోవడం మామూలే. మిగతా ఫిర్యాదుల్లో కూడా ఇదే నియమం పెట్టుకోవడం న్యాయం.

రుజువు కాకపోయినా ఇద్దరికీ విడివిడిగా ఫలితం చెప్పండి. అప్పీలుకు 90 రోజుల గడువు ఉంటుంది, ఆ గడువు ముగిసేదాకా రిపోర్టింగ్ మార్పు వెనక్కి తీసుకోకండి.

8. ముందుగానే ఉండాల్సినవి

పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఇంటర్నల్ కమిటీ ఉండాలి. సీనియర్ మహిళ అధ్యక్షురాలిగా, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి నుంచి ఒక సభ్యులు. నిబంధనలు పాటించకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా. ఇరవై, అంతకు మించి కార్మికులున్న చోట గ్రీవెన్స్ కమిటీ వేయాలి. లిస్టెడ్ కంపెనీలకు, బ్యాంకుల దగ్గర 50 కోట్లు దాటి అప్పు తీసుకున్న కంపెనీలకు అక్రమాలు బయటపెట్టేవాళ్ల కోసం విజిల్ మెకానిజం తప్పనిసరి, దాన్ని వాడుకున్నవాళ్లు బాధపడకుండా చూడాలని కంపెనీల చట్టం సెక్షన్ 177 చెబుతుంది. పాలసీ తెలుగులో కూడా ఉండాలి. షాప్ ఫ్లోర్ మీద, హౌస్‌కీపింగ్‌లో పనిచేసేవాళ్లు చదవలేని పాలసీ గోడకు ఉన్నా లేనట్టే.

9. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి

ఫిర్యాదు తేదీ నుంచి ఒక నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు ఆ మనిషితో పది నిమిషాలు మాట్లాడండి. "అంతా బాగానే ఉందా?" అని అడిగితే బాగానే ఉందనే అంటారు. దానికి బదులు షిఫ్టులు ఎలా పడుతున్నాయి, లీవులు ఎవరు చూస్తున్నారు, మీటింగ్‌లకు పిలుస్తున్నారా అని ఒక్కొక్కటీ అడగండి. అన్నిటికంటే ముఖ్యం మొదటి అప్రైజల్. రేటింగ్ ఖరారు కాకముందే పోయిన రెండేళ్ల రేటింగులు, అదే టీమ్‌లో మిగతావాళ్ల రేటింగులు పక్కపక్కన పెట్టి చూడండి. తగ్గితే, ఎందుకు తగ్గిందో పని చూపించి చెప్పగలగాలి. ఏ టార్గెట్, ఏ నెల, ఎంత అని. "యాటిట్యూడ్ బాగాలేదు", "టీమ్‌తో కలవట్లేదు" అన్న మాటలు కనిపిస్తే ఆ షీట్ వెనక్కి పంపండి. ఫిర్యాదు తర్వాత టీమ్‌తో కలవలేకపోవడంలో ఆ మనిషి తప్పు ఎంతుందో ఆలోచించండి.

10. వెళ్లిపోయేవాళ్లకు కాగితాలు ఆపకండి

చాలామంది ఇవన్నీ భరించలేక రాజీనామా చేస్తారు. అప్పుడు రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, ఫుల్ అండ్ ఫైనల్ డబ్బులు మిగతావాళ్లకు ఎన్ని రోజుల్లో ఇస్తారో వీళ్లకూ అన్ని రోజుల్లోనే ఇవ్వండి. కేసు వెనక్కి తీసుకుంటేనే లెటర్ అన్న షరతు పెట్టకండి. కొత్త కంపెనీ నుంచి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫోన్ వస్తే దాన్ని పాత మేనేజర్‌కు కలపకుండా హెచ్‌ఆర్‌లో ఒకరే మాట్లాడాలి. హోదా, చేరిన తేదీ, మానేసిన తేదీ చెప్పాలి, ఫిర్యాదు ప్రస్తావన రాకూడదు. ఆ ఫోన్‌లో ఎవరు అడిగారు, ఏం చెప్పామన్నది రెండు లైన్లలో రాసి ఫిర్యాదు ఫైల్లోనే పెట్టండి.